కాజాలమ్మ వేళ్ళు

కోటు అస్తరు మీద ఆవగింజంత ఎర్రని చుక్క కనిపించిన తరువాతగాని, సూది తన వేలిలో దిగిందని కాజాలమ్మకు తెలియలేదు.

సూది ఇంకా అక్కడే ఉన్నది. ఎడమ చూపుడువేలి కొసన, గోటికి కాస్త కిందుగా గుచ్చుకొని, వేలిని కూడా కోటుతో కలిపి కుట్టివేయ సంకల్పించినట్లు నిటారుగా నిలిచి ఉన్నది. ఆమె దానిని మెల్లగా వెనక్కు లాగింది. లాగినప్పుడు కూడా ఏమీ తెలియలేదు. చిన్న దారపు పోగును నోట పెట్టుకొని నమిలి, ఆ తడితో మరకను అద్ది అద్ది తీసివేసింది. ఎవరి రక్తపు మరక వారి ఉమ్మితోనే పోతుందని సూదిపని చేసేవారందరూ నమ్ముతారు. మరక పోయింది. బల్లకు ఆవలివైపున ఆమె భర్త సుద్దముక్కతో గీతలు గీస్తూనే ఉన్నాడు, తల ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆ పూటకు భగవంతుడు తనపట్ల చూపిన కరుణ అనుకున్నదామె.

ముందు గది దుకాణం, వెనుక రెండు గదులు కాపురం. ఆ వీధిలో భర్తను అందరూ మాస్టరు అంటారు. కోటు కత్తిరించడంలో ఆయనకు సాటి లేదు. కాని ఆ దుకాణానికి పేరు తెచ్చినది ఆయన కత్తెర కాదు, ఆమె చేతి కాజాలు. గుండీ దూరే ఆ చిన్న చీలికను మిషను క్షణంలో కుట్టి పారవేస్తుంది. ఆమె మాత్రం చీలిక అంచున లావుపాటి దారం పరచి, మైనం పట్టించిన పట్టుదారంతో దాని చుట్టూ కుట్టు కుట్టుకూ ఒక ముడి వేస్తూ, చీమల బారువలె ముడి పక్కన ముడి కూర్చుకుంటూ పోతుంది. ఆ పనిలో కన్నుకు పని తక్కువ. దారం ఎంత బిగిసిందో, ముడి అంచు మీద కూర్చున్నదో జారిందో చెప్పేది వేలికొస. కొత్త పెళ్ళికూతురుగా వచ్చిన నాటినుంచి ఆ వేళ్ళు అలా చూస్తూనే ఉన్నాయి. అందుకే వీధి ఆమె అసలు పేరు ఏనాడో మరచి, కాజాలమ్మ అన్నది. ఆమెకూ ఆ పేరే అసలు పేరుగా కుదిరిపోయింది.

రొమ్ములో గడ్డ బయటపడి, శస్త్రచికిత్స జరిగి, ఇక మందు ఎక్కించాలన్నప్పుడు ఆసుపత్రివారు ఒక మాట చెప్పారు. విడతలన్నిటికీ ఒకేసారి సొమ్ము కడితే తగ్గింపు ఉన్నది. విడత విడతకూ కడితే లేదు. శస్త్రచికిత్సతోనే ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయింది. మాస్టరు ఎవరినీ చేయి చాచి అడిగినవాడు కాదు. రెండు రోజులు ముభావంగా తిరిగి, మూడవనాడు డబ్బు తెచ్చి కట్టివచ్చాడు. ఎక్కడిదని అడిగితే, "పని మీద వచ్చింది" అన్నాడు. అబద్ధం కాదు. బ్యాండు మేస్త్రి తన మేళం మొత్తానికీ కొత్త కోట్లు కుట్టించదలచి, చేతి కాజాలతోనే కావాలని పట్టుబట్టి, కూలి అంతా ముందుగానే ఇచ్చాడు. ఆ సొమ్ము మేస్త్రి ఒక్కడిది కాదు. బూరా ఊదేవాడూ డోలు కొట్టేవాడూ తలా కాస్త వేసుకొని కూడబెట్టినది. కుట్టని కోట్ల డబ్బుతో మందు కొన్నామని భార్యకు తెలిస్తే ఆమె సూదితో ప్రాణం తీసుకుంటుందని ఆయన భయం. కాని మేస్త్రి దుకాణంలో మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది. వెనుక గదిలో పడుకున్న ఆమెకు వినబడకుండా ఎలా ఉంటుంది? ఆమె విన్నది. విననట్లే ఉన్నది.

ఇద్దరూ ఒకరినొకరు కాపాడుకోవడానికి నోళ్ళు కుట్టుకున్నారు. ఆ కుట్లు మాత్రం చాలా నేర్పుగా పడ్డాయి.

కొన్ని విడతలు గడిచాక వేళ్ళ కొసలు తిమ్మిరెక్కడం మొదలైంది. మొదట సన్నని చేతితొడుగు వేసుకున్నట్లు ఉండేది. తరువాత ఆ తొడుగు మందమైంది. ఆసుపత్రిలో మందు ఎక్కించే హాలులో ప్రక్క కుర్చీలో కూర్చునే ఒకావిడ, భర్తకు తోడుగా వచ్చేది, ఒకనాడు గొంతు తగ్గించి చెప్పింది:

"మా ఆయన వేళ్ళు మొద్దుబారుతున్నాయని ఊరికే అన్నారమ్మా. అంతే, ఆ మందు ఆపేశారు. ముందే కట్టేసిన డబ్బు చిల్లిగవ్వ వెనక్కి రాలేదు."

మరుసటి విడతకు వారిద్దరూ కనబడలేదు. కాజాలమ్మ ఇంటికి వచ్చి రసీదు వెనుక అచ్చు చదివింది. చెల్లించిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు అని ఉన్నది. డబ్బు సంగతి పదిమందిలో అడగడం ఆ ఇంట పుట్టిన అలవాటు కాదు. కౌంటరు దగ్గర నిలబడి "మందు మారిస్తే ఎలా?" అని అడిగితే, వెనుక వరుసలోనివారు తమ దారిద్ర్యాన్ని తూకం వేస్తారని ఆమె బిడియం. కనుక అడగలేదు. చెప్పనూ లేదు.

ప్రతి విడతకు ముందూ నర్సు ఒక కాగితం చేతబట్టుకొని ప్రశ్నలు వేసేది.

"వాంతులు?"

"కాస్త."

"నోట్లో పుండ్లు?"

"తగ్గాయి."

"వేళ్ళు మొద్దుబారడం, సూదులు గుచ్చుతున్నట్టు ఉండటం?"

"పొద్దున లేస్తే సూదులతోనే కదమ్మా నా కాపురం!"

నర్సు పకపక నవ్వి 'లేదు' అని వ్రాసుకునేది. తాను అబద్ధమాడలేదని కాజాలమ్మ మనస్సుకు చెప్పుకునేది. కాని సత్యాన్ని నవ్వుతో కప్పిపెట్టినవారికి అసత్యదోషం అంటదని ఏ గ్రంథంలోనూ ఆమె వినలేదు. ఆ సంగతి ఆమె మనస్సుకు తెలుసు. అందుకే ఆ నవ్వు తరువాత దైవప్రార్థనలో కన్నులు మూసుకుంటే మాటలు ముందుకు సాగేవి కావు. డాక్టరమ్మ కళ్ళు మూసుకోమని, ఏ వేలు తాకుతున్నానో చెప్పమన్నప్పుడు కూడా ఆమె తప్పలేదు. డాక్టరమ్మ చేతి గాజు సవ్వడి ఏ దిక్కునుంచి వస్తే ఆ వేలి పేరు చెప్పింది.

"కాజాలు కుట్టే చేతులు కదా, ఇవి చెప్పకపోతే ఇంకేవి చెప్తాయి?" అని డాక్టరమ్మ మెచ్చుకున్నది కూడా.

ఈ గుట్టు మొదట పసిగట్టినది వదిన. మాస్టరుకు అక్కగారు, భర్త పోయిన తరువాత తమ్ముడి ఇంటనే ఉంటున్నది. మరదలికి జబ్బు చేసిన నాటినుంచి వంట, వడ్డన, తిట్లు అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తున్నాయి.

"జుట్టు లేని తలకి అంత గట్టిగా గుడ్డ బిగించావేమే? ఎవరెత్తుకుపోతారని?" అంటూ పాలగ్లాసు అందించేది.

"మీరున్నారుగా కాపలా. ఎవరొస్తారు వదినా?"

"నన్ను చూసి దొంగలు పారిపోతారంటావు. అంతేగా? తాగు."

ఒక మధ్యాహ్నం ఇస్త్రీపెట్టె వేడెక్కినదో లేదో చూడడానికి కాజాలమ్మ అలవాటు చొప్పున వేలు తడిచేసి పెట్టె అడుగున తాకించింది. తాకించి తీయవలసిన వేలు. చుయ్‌మన్న సవ్వడి చెవిన పడినా, పరధ్యానంలో అలాగే ఉంచింది. వాసన ముందుగా వదినకు తగిలింది.

"ఏయ్! చెయ్యి! చెయ్యి తియ్యవే!"

మణికట్టు పట్టి లాగి, కుళాయి కింద పెట్టి, పొంగిన బొబ్బను చూసి, తరువాత మరదలి ముఖం చూసింది. ఆ ముఖంలో బాధ లేదు. తప్పు చేస్తూ పట్టుబడిన కళ మాత్రమే ఉన్నది.

"ఎన్నాళ్ళ నుంచే ఇది?"

"ఊరికే పరాకులో..."

"నా దగ్గరా నీ కాజాలు? నేను వాణ్ణి పెంచినదాన్ని. మీ ఇద్దరి మొహాలూ నాకు అచ్చుపుస్తకాలు. తెలియడం లేదు కదూ వేళ్ళకి?"

కాజాలమ్మ తల వంచుకున్నది. కుళాయి నీరు వేలి మీద పడుతూ ఉన్నది. అది చల్లనిదో వేడిదో ఆమెకు చూపు చెప్పవలసి వచ్చింది.

"కోట్లు అయిపోనివ్వండి వదినా. ఆయనకి చెప్పకండి. మందు ఆపితే ఆ డబ్బంతా మట్టిపాలు. అది మన డబ్బు కూడా కాదు."

"కోట్లు కుట్టే చేతులే పోతే?"

వదిన వెన్న రాసి గుడ్డ చుట్టింది. "వాడికి నువ్వే చెప్పాలి. నేను చెప్తే వాడికి నీ మీద కోపమొస్తుంది. నువ్వు చెప్తే వాడికి వాడి మీదే వస్తుంది. అదే మంచిది" అని, విసురుగా వంటగదిలోకి వెళ్ళిపోయింది.

చెప్పే ధైర్యం రాకముందే చెప్పవలసిన గడియ వచ్చింది. బ్యాండు మేస్త్రి తయారైన కోట్లు చూసుకోవడానికి వచ్చాడు. భారీ మనిషి, బూరా ఊది ఊది బుగ్గలు వదులైనవాడు. ఒక కోటు తొడుక్కొని అద్దంలో అటూ ఇటూ తిరిగి, "మాస్టరూ, ఇందులో నేను నాకే అల్లుడిలా ఉన్నాను" అన్నాడు. గుండీలు పెట్టుకోబోయి ఆగాడు. మూడవ కాజా మీద బొటనవేలు ఒకసారి పోనిచ్చి, మళ్ళీ పోనిచ్చాడు.

"ఇది అమ్మ చేతి పనేనా?"

మాస్టరు కనుబొమలు ముడిపడ్డాయి. "ఈ కొట్లో ఇంకెవరి చెయ్యి ఉంది? మీ బూరా పని మీరు చూసుకోండి. ఆవిడ ముడి తప్పదు."

"కోపగించకండి. అపశ్రుతి వింటే ఊరుకోలేని వెధవ అలవాటు నాది. చూడండి, ఇక్కడ జారింది."

మాస్టరు కోటు విప్పించి, కిటికీ వెలుగులో తిరగేసి పట్టుకున్నాడు. కాజా వెనుక భాగం ఆయన ఎన్నడూ చూసుకోలేదు. చూడవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. ముడులు ఒకచోట గుంపుకట్టి, ఒకచోట ఖాళీ విడిచి, ఆ ఖాళీలో సన్నని గోధుమరంగు చారతో ఉన్నాయి. ఉమ్మి తడి అందని రక్తపు చార. ఆయన గోటితో దానిని గీకి చూశాడు. ఆపై కోటు మడిచి, "వచ్చే వారం రండి" అని మేస్త్రిని పంపివేశాడు.

తలుపు మూసివచ్చి, ఆమె ఎదుట చిన్న పీట మీద కూర్చున్నాడు. జేబులోనుంచి ఒక గుండీ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"కళ్ళు మూసుకో. దీనికి రంధ్రాలు రెండా, నాలుగా?"

ఆమె కళ్ళు మూసుకున్నది. వేళ్ళతో ఆ గుండీని తిప్పింది, మళ్ళీ తిప్పింది. గుండీ జారి నేల మీద పడి దొర్లిపోయింది. పడినట్లు కూడా సవ్వడి వలననే తెలిసింది. మూసిన కన్నులలోనుంచి నీరు కారింది.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు మాత్రం చెప్పారా? మేళం వాళ్ళ కూలి డబ్బు తెచ్చి నా నరాల్లోకి ఎక్కించారు. నాకు తెలియదనుకున్నారా? మందు ఆపేస్తే ఏమని చెప్తారు వాళ్ళకి? కోట్లూ లేవు, డబ్బూ లేదు అనా?"

"ఆ సంగతి నేను చూసుకునేవాణ్ణి."

"ఎలా? కత్తెర అమ్మా? అది మీ చెయ్యి. ఇవి నా చేతులు. నావే పోనీ అనుకున్నాను."

మాస్టరు కోపం వచ్చినప్పుడు గొంతు పెంచడు; తగ్గిస్తాడు. ఆ తగ్గిన గొంతుతోనే అన్నాడు: "ఏమోయ్, ఒక మాట చెప్పు. కొలత తప్పిందని కత్తిరించాక తెలిసింది. గుడ్డకి డబ్బిచ్చేశామని అదే కోటు కుట్టి మనిషికి తొడిగేస్తామా?"

ఆమె పైటకొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

"తొడగం. గుడ్డ పోయిందని ఒప్పుకుంటాం. ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది. అయినా ఒప్పుకుంటాం." గుండీ దొర్లిపోయిన వైపు చూస్తూ అన్నాడు: "నీకు ముందే చెప్పి ఉండాల్సింది. నేను చెప్పి ఉంటే నువ్వూ చెప్పేదానివి."

లోపలి గుమ్మం దగ్గరనుంచి వదిన గొంతు వినిపించింది: "ఆ గుండీ నా కాలి కింద ఉంది. రంధ్రాలు నాలుగు. ఇక లేచి ఇద్దరూ మొహాలు కడుక్కోండి."

మరునాడు ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కాజాలమ్మ అన్నీ చెప్పింది: నర్సుతో ఆడిన పరిహాసం, గాజు సవ్వడి, ఇస్త్రీపెట్టె. డాక్టరమ్మ మొదట మండిపడింది. "నన్ను మోసం చేశారనుకున్నారా? మీ నరాల్ని చేశారు!" అన్నది. ఆపై గాజు తీసి సొరుగులో పెట్టి, కాస్త దూది సాగదీసి ఆమె చెంప మీద తాకించింది.

"ఇది తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇలా తెలియాలి. ఇప్పుడు కళ్ళు మూసుకోండి."

చాలాసేపు గడిచింది. ఎంతకూ దూది రాకపోవడంతో, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగింది కాజాలమ్మ. కళ్ళు తెరిచి చూస్తే డాక్టరమ్మ దూదిని ఎప్పుడో బల్ల మీద పెట్టివేసింది. మాస్టరు కిటికీవైపు తిరిగి ఉన్నాడు.

ఈ మందు ఇక వద్దు. దీని బదులు వేళ్ళ జోలికి అంతగా పోని మరొకటి ఉన్నది. జబ్బుకు అదీ పనిచేస్తుందని డాక్టరమ్మ వివరించింది. స్పర్శ తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం ఆమె తీపి మాట చెప్పలేదు. "కొందరికి నెలల మీద వస్తుంది. కొందరికి కొంతే వస్తుంది. మొదట్లోనే చెప్పి ఉంటే తప్పక వస్తుందని ధైర్యంగా చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు చెప్పలేను."

బిల్లుల కౌంటరు దగ్గర వరుస పొడుగుగా ఉన్నది. కాజాలమ్మ ఈసారి భర్తను వెనుక నిలబెట్టి తానే ముందు నిలబడింది. తన వంతు రాగానే, వెనుకవారందరికీ వినబడేటంత స్పష్టంగా అడిగింది: "బాబూ, మేము అప్పు చేసి ముందే కట్టేశాం. డాక్టరమ్మ మందు మార్చారు. మా డబ్బు ఏమవుతుంది?"

గుమాస్తా కాగితం చూసి, యంత్రంలో ఏవో అంకెలు నొక్కాడు. "మీరే మానేస్తే వెనక్కి రాదండి. డాక్టరు మారిస్తే, మిగిలిన విడతల డబ్బు కొత్త మందుకి జమ చేస్తాం. కాస్త తేడా మీరు కట్టాలి."

"మందు ఆపేశారు, డబ్బు రాలేదు అని ఒకావిడ చెప్పింది..."

"వాళ్ళు మళ్ళీ రాలేదేమోనమ్మా. వచ్చి అడిగితే చెప్పేవాళ్ళం." ఆ యువకుడు నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. "ఇంకో రెండు విడతల ముందు వచ్చుంటే ఈ తేడా కూడా పడేది కాదు."

వచ్చుంటే. ఆ మాట పట్టుకొని ఆమె మెట్లు దిగింది. ప్రక్క కుర్చీ ఆవిడ కూడా తమవలెనే సిగ్గుపడి, అడగక, భర్తను ఇంటికి తీసుకువెళ్ళిపోయిందన్నమాట. ఆయన ఏమయ్యాడో! ఆ ఎరుగని మనిషి కోసం ఆమె మెట్ల మీదనే ఆగి చేతులు జోడించింది. అరచేతులు కలిసినట్లు వేళ్ళకు తెలియలేదు; మనస్సుకు తెలిసింది. చాలా కాలానికి ప్రార్థనలో మాట ముందుకు సాగింది.

బ్యాండు మేస్త్రి చెప్పిన వారానికే వచ్చాడు. ఈసారి మాస్టరు ఏమీ దాచలేదు. డబ్బు ఎక్కడికి పోయినదో, కాజాలు ఎందుకు జారాయో చెప్పి, కుట్టనివాటికి చేతి పని కూలి లెక్కగట్టి తిరిగి ఇస్తామని, కాకపోతే ఒక్కసారిగా ఇవ్వలేమని అన్నాడు. మేస్త్రి బుగ్గలు పూరించి గాలి వదిలాడు. ఆయన దేవుడేమీ కాదు. ముఖంలో లెక్కలు కదలడం కాజాలమ్మ చూసింది.

"నా ఒక్కడి సొమ్మైతే వదిలేసేవాణ్ణమ్మా. డోలు వాడు పిల్లల ఫీజు ఆపి ఇచ్చాడు. వదలలేను."

"వదలమని అడగడం లేదన్నా. గడువు అడుగుతున్నాం."

మేస్త్రి తల గోక్కున్నాడు. "సరే. బాగా ఉన్న కోట్లు ముందు వరసకి. వెనక వరసకి మిషను కాజాలే కానీండి. వాళ్ళ పొట్టల మీద డోళ్ళుంటాయి, గుండీలు ఎవడు చూస్తాడు? తేడా డబ్బుకి మా బట్టల మరమ్మతులు చేస్తూ తీర్చండి. మా వాళ్ళు తిండి చూస్తే ఆగరు, నెలనెలా కుట్లు తెగుతూనే ఉంటాయి. మీ బాకీ తీరకముందే మీకు మేమే బాకీ పడతాం." లేస్తూ, కాస్త తటపటాయించి అన్నాడు: "నా ఒక్కడి కోటుకి మాత్రం మిషను వద్దు. ఎప్పుడైతే అప్పుడే. ఆగుతాను."

ఆయన వెళ్ళాక మాస్టరు ఆ కోటును ఒడిలో వేసుకొని, జారిన కాజాను విప్పాడు. దారానికి మైనం పట్టించి, సూదిలో ఎక్కించాడు. ఇన్నేళ్ళలో ఆయన కాజా కుట్టడం ఇదే మొదలు.

"దారం కిందనుంచి తీసుకోండి. అలా కాదు, చుట్టండి. బిగించేటప్పుడు పైకి లాగాలి, పక్కకి కాదు."

"కత్తిరించే చేతికి ఈ తిప్పలేమిటక్కా?" అని వదినను చూసి మొరపెట్టుకున్నాడు.

"చిన్నప్పుడు చొక్కా గుండీ ఊడితే పిన్నీసు పెట్టుకుని బడికి పోయినవాడివి. ఇప్పుడైనా నేర్చుకో" అన్నది అక్కగారు.

పొద్దు వాలేవేళకు ఒక కాజా పూర్తయింది. పరీక్షలో కూర్చున్న విద్యార్థి సమాధానపత్రం ఇచ్చినట్లు ఆయన కోటును భార్య చేతికి ఇచ్చాడు. కాజాలమ్మ బొటనవేలితో ఒకసారి తడిమింది. ఏమీ తెలియలేదు. ఆ అంచును ముఖం దగ్గరకు తెచ్చుకొని, కళ్ళు మూసుకొని, కింది పెదవి మీదుగా మెల్లగా లాగింది. ముడి, ముడి, ముడి. దారపు మైనం, పట్టు నునుపు, గుడ్డ గరుకు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి పలకరించాయి. మధ్యలో ఒకచోట ఆగింది.

"ఇక్కడ జారింది."

"ఎక్కడ?" మాస్టరు వెలుగుకు పట్టుకొని చూశాడు. ఆమె చెప్పినచోటనే ఒక ముడి అంచు దిగి ఉన్నది.

"విప్పండి" అన్నది కాజాలమ్మ.

ఆయన కత్తెర మొనతో ఆ దారం తెంపి, మళ్ళీ మైనం అందుకున్నాడు.